గాల్వెస్టన్ బేకి ఏ బోటు? తిరుగు ప్రయాణం నుంచి లెక్క వేయండి

ప్రశ్న ఇదీ. మిన్నసోటా నుంచి ఈమధ్యే హ్యూస్టన్ పక్కన కేటీకి మారారు. అక్కడి సరస్సుల్లో 17 అడుగుల అల్యూమినియం బోటు మీద, 60 హార్స్‌పవర్ ఇంజిన్‌తో వేట అలవాటే. ఉప్పునీళ్లు మాత్రం కొత్త. ఆ బోటు ఇంకా మీ దగ్గరే ఉంది. ఇంట్లో నలుగురు, పిల్లలకి 8, 11 ఏళ్లు. లాగే బండి టొయోటా హైలాండర్. బడ్జెట్ 30,000 డాలర్లు, సెకండ్‌హ్యాండ్ అయినా పర్వాలేదు. గాల్వెస్టన్ బేలో (హ్యూస్టన్ దగ్గరి సముద్రపు అఖాతం) రెడ్‌ఫిష్, ట్రౌట్ చేపల కోసం 24 అడుగుల బే బోటు తీసుకోవాలా, జానెడు నీళ్లలో కూడా పరిగెత్తే స్కిఫ్ తీసుకోవాలా?

రెండూ వద్దు. ఈ ఏడాది అసలు ఏదీ కొనొద్దు. ఉన్న 17 అడుగుల బోటుకే కొన్ని మార్పులు చేసుకుని ఒక సీజన్ తిరగండి. తర్వాత కొనేటప్పుడు 20 నుంచి 22 అడుగుల మధ్య, 150 హార్స్‌పవర్ ఇంజిన్ ఉన్న పాత బే బోటు మీ కుటుంబానికీ, మీ బండికీ సరిపోతుంది. మీరు పొడవు దగ్గర మొదలుపెట్టారు, అందుకే తెగడం లేదు. మొదలుపెట్టాల్సింది ర్యాంపు దగ్గర, అంటే బోటుని నీళ్లలోకి దింపే ఏటవాలు గట్టు దగ్గర. బోటు ఎక్కడ దింపుతారు, అక్కడి నుంచి చేప ఉండే చోటు దాకా అడ్డూ ఆపూ లేని నీళ్లు ఎన్ని మైళ్లున్నాయి, మధ్యాహ్నం గాలి లేచాక ఆ నీళ్ల మీదుగా పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఎలా తిరిగొస్తారు? వీటికి జవాబు దొరికితే పొడవు, అడుగు ఆకారం, ఇంజిన్ వాటంతటవే తేలతాయి.

గాల్వెస్టన్ బే సుమారు 600 చదరపు మైళ్లు. మీ మిల్ లాక్స్ సరస్సుకి మూడింతలు దగ్గర దగ్గర. కానీ సగటు లోతు 7 అడుగుల దరిదాపుల్లోనే. మీ పాత అలవాటుకి పెద్ద తేడా ఇక్కడే వస్తుంది. ఇంత పరపు, ఇంత తక్కువ లోతు ఉన్నచోట 15 నాట్ల (గంటకి సుమారు 17 మైళ్ల) గాలి వీస్తే అల పొడుగ్గా సాగదు, పొట్టిగా, నిట్రంగా, ఒకదాని వెనక ఒకటి దగ్గర దగ్గరగా లేస్తుంది. ఎత్తు రెండడుగులే అయినా, బోటు ఒక అల దిగకముందే రెండోది ముక్కుకి తగులుతుంది. నీళ్లు గాలికి ఎదురుగా పారుతుంటే ఇంకా అధ్వానం.

ఇక్కడ పోటూ పాటూ మధ్య తేడా గాల్వెస్టన్ దగ్గర అడుగున్నర లోపే, చాలా రోజులు రోజుకొక్క పోటే. అందుకని నీటిమట్టాన్ని చంద్రుడికన్నా గాలే ఎక్కువ శాసిస్తుంది. వేసవిలో ఆగ్నేయం గాలి. పొద్దున అద్దంలా ఉన్న నీళ్లు పదకొండు దాటాక గరుకెక్కి, రెండింటికల్లా తెల్ల నురగ కడతాయి. చలికాలంలో ఉత్తరం నుంచి చలిగాలి ఒక్కసారి విరుచుకుపడుతుంది. ఇక్కడివాళ్లు దాన్ని నార్తర్ అంటారు. అది బేలో నీళ్లని సముద్రంలోకి తోసేస్తుంది. టైడ్ టేబుల్ చూపించే పాటుకన్నా రెండడుగులు కిందికి పోయి, ముందురోజు బోటు దింపిన ర్యాంపు చివర కాంక్రీటు అంచు బయటపడి ఉండటం మామూలే. ఆ అంచు దాటించి ట్రైలర్ చక్రాల్ని దింపారంటే ఇరుసు అక్కడే ఇరుక్కుంటుంది.

గాలి సంగతి తెలిస్తే ర్యాంపు ఎంచుకోవడం వస్తుంది. వెస్ట్ బే గాల్వెస్టన్ ద్వీపం వెనక ద్వీపంతోపాటే సాగుతుంది. ఆగ్నేయం గాలికి దాని దక్షిణపు ఒడ్డు, అంటే ద్వీపం వైపు ఒడ్డు, చాటు. ఈస్ట్ బేలో బొలివార్ పెనిన్సులా వైపు ఒడ్డూ అంతే. ద్వీపం మీదే బోటు దింపి ఆ ఒడ్డు పట్టుకుని తిరిగేవాడికి 17 అడుగుల బోటు నిక్షేపంలా చాలు. అదే మనిషి టెక్సాస్ సిటీ డైక్ (బేలోకి చొచ్చుకొచ్చిన పొడవాటి కట్ట) దగ్గర దింపి, షిప్ చానల్ (ఓడలు పోయే లోతైన కాలవ) దాటి, ఈస్ట్ బేకి పోతానంటే 21 అడుగులు కూడా కొన్ని రోజులు చాలవు. చేప అదే, బే అదే, ర్యాంపు మారితే బోటు మారింది. బే పడమటి ఒడ్డున ఉన్న కీమా, సీబ్రూక్ వైపు నుంచి బయల్దేరితే పొద్దున ప్రశాంతంగా ఉన్నప్పుడు గాలికి ఎదురు పోయి, మధ్యాహ్నం గాలిని వెనకేసుకుని వస్తారు. పిల్లలున్నప్పుడు ఈ గాలివాటం చూసుకోవడం బోటుకి రెండడుగులు కలిపినంత లాభం.

ఒక్క చోటు మాత్రం మినహాయించుకోండి. ద్వీపం పడమటి కొస, శాన్ లూయిస్ పాస్. నీటి లాగుడు ఎక్కువ, ఇసుక దిబ్బలు జరుగుతూ ఉంటాయి. మొదటి సీజన్‌లో అటు పోవద్దు, నీళ్లలో దిగి నడవడం అసలే వద్దు.

హ్యూస్టన్ షిప్ చానల్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే సరస్సుల నుంచి వచ్చినవాళ్లు పప్పులో కాలేసేది ఇక్కడే. 45 అడుగుల పైన లోతున్న కాలవ బే నడుమ నుంచి పోతుంది, దానికి రెండు పక్కలా మళ్లీ లోతు లేని నీళ్లే. ఆయిల్ ట్యాంకరు పోతున్నప్పుడు దాని పక్కన పెద్ద అలేమీ కనిపించదు. అది దాటిపోయిన కాసేపటికి ఆ కదలిక మెరక మీదికి ఎక్కి, విరిగే అలగా లేస్తుంది. దాని మీద సర్ఫింగ్ చేసేవాళ్లు కూడా ఉన్నారు, ట్యాంకర్ సర్ఫింగ్ అనే పేరుతో. కాబట్టి చానల్ అంచున లంగరేసి ఫోన్ చూసుకుంటూ కూర్చోకూడదు. అల వస్తుంటే వేగం తగ్గించి, ముందున్నవాళ్లని వెనక్కి రమ్మని, అలకి 45 డిగ్రీల ఏటవాలుగా ముక్కు పెట్టాలి. పూర్తిగా ఆపేస్తే బోటు అడ్డం తిరుగుతుంది. వేగంగా పోతే ముక్కు రెండో అలలోకి గుచ్చుకుని నీళ్లు లోపలికి వస్తాయి. మన గోదావరి పడవవాళ్ల మాటల్లో అణియం అంటే ముందు కొస, అమరం అంటే వెనక కొస. ఇక్కడ బోటు కొనేటప్పుడు అణియం ఎత్తు చూడండి. స్కిఫ్‌కి లేనిది అదే.

లోతు అనే మాటలో మూడు లోతులున్నాయి

కంపెనీ కాగితం మీద "10 అంగుళాలు" అని ఉంటుంది. అది ఖాళీ బోటు కదలకుండా తేలడానికి కావాల్సిన నీళ్లు. మీ లెక్క వేరు. 21 అడుగుల బే బోటు నీటిమీద ఆక్రమించే వైశాల్యం సుమారు 130 చదరపు అడుగులు అనుకుందాం. ఉప్పునీరు ఘనపుటడుగు 64 పౌండ్లు. అంటే దాదాపు 700 పౌండ్లు ఎక్కితే బోటు ఒక అంగుళం దిగుతుంది. నలుగురు మనుషులు, 45 గ్యాలన్ల పెట్రోలు, ఐస్ పెట్టె, బ్యాటరీలు కలిపితే ఒకటిన్నర రెండు అంగుళాలు. అదీ సమానంగా కాదు, బరువంతా అమరం వైపే ఉంటుంది కాబట్టి వెనక ఇంకొంచెం ఎక్కువ. పది అంగుళాల బోటు నిజానికి పన్నెండు పదమూడు.

రెండోది, పరిగెత్తేటప్పుడు కావాల్సిన లోతు. వేగం అందుకుని బోటు నీటి మీదికి లేచాక అడుగు దాదాపు పైనే ఉంటుంది, కింద మునిగి ఉండేది ప్రొపెల్లరూ దాని కింది రెక్కా మాత్రమే. జాక్ ప్లేట్ ఉంటే ఇంజిన్‌ని ఇంకొంచెం పైకి ఎత్తొచ్చు. అప్పుడు పది అంగుళాల నీళ్ల మీద కూడా పరిగెత్తుతుంది. జనం వీడియోల్లో చూసి ముచ్చటపడేది ఈ లోతునే.

మూడోది ఎవరూ చెప్పరు. ఆగిన చోటు నుంచి మళ్లీ లేవడానికి కావాల్సిన లోతు. గ్యాస్ ఇవ్వగానే బోటు వెనక కూలబడుతుంది, ప్రొపెల్లరు కిందికి దిగుతుంది. బే బోటుకి అప్పుడు రెండడుగులు, బరువుంటే ఆ పైన కావాలి. పది అంగుళాల నీళ్ల మీద పరిగెత్తి పోయి, చేప కనిపించిందని ఆపేసి, గంట తర్వాత నీళ్లు తగ్గితే ఇక లేవదు. గ్యాస్ ఇస్తే ప్రొపెల్లరు బురద తవ్వుతుంది, ఆ బురద కూలింగ్ నీళ్లతోపాటు ఇంజిన్‌లోకి పోతుంది, వాటర్ పంపులో రబ్బరు రెక్కలు అరిగిపోతాయి. కింద గడ్డి ఉంటే అది నేరం కూడా: సీగ్రాస్‌ని ప్రొపెల్లర్‌తో పెకలించడం టెక్సాస్ తీరం అంతటా 2013 నుంచి నిషేధం. క్రిస్మస్ బేలో ఆ గడ్డి ఉంది. అలాంటప్పుడు ఇంజిన్ ఎత్తేసి, గెడ వేసి, లోతు ఉన్న వైపుకి తోసుకుంటూ రావడమే మార్గం. 12 అడుగుల పుష్‌పోల్ బోటులో లేకుండా మోకాలి లోతు నీళ్లలోకి పోవద్దు.

స్కిఫ్‌లు, ప్రొపెల్లరు కోసం అడుగున సొరంగంలాంటి గాడి ఉండే టన్నెల్ హల్ బోట్లు, అంచులు కూడా లేని స్కూటర్లు ఈ మూడో లోతు కోసమే పుట్టాయి. రాక్‌పోర్ట్ నుంచి కింద లగూనా మాడ్రే దాకా అవే రాజులు, అక్కడి నీళ్లు అలాంటివి. గాల్వెస్టన్‌లో మీకు కావాల్సిన చోట్లలో చాలావాటికి రెండు మూడడుగుల నీళ్లు ఉంటాయి. ఇంకా లోపలికి పోవాలంటే బోటు ఆపి దిగి నడుస్తారు. ఇక్కడ సగం వేట మొలలోతు నీళ్లలో నిలబడి చేసేదే. ఆరంగుళాల లోతు కోసం డబ్బు పోసి, తిరుగు ప్రయాణంలో రెండడుగుల అల మీద పిల్లల నడుములు విరగ్గొట్టుకోవడంలో అర్థం లేదు. నీళ్లలో దిగినప్పుడు పాదం ఎత్తి వేయకుండా ఈడుస్తూ నడవడం పిల్లలకి మొదటిరోజే నేర్పండి. ఇసుకలో టేకు చేప పడుకుని ఉంటుంది, ఈడిస్తే తప్పుకుంటుంది, తొక్కితే ముల్లు దింపుతుంది.

అడుగు కోణం సంగతి క్లుప్తంగా: స్కిఫ్‌కి వెనకవైపు కోణం సున్నా నుంచి 8 డిగ్రీలు, బే బోటుకి 12 నుంచి 17, బయటి సముద్రం బోటుకి 20 పైన. కోణం పెరిగితే అలని కోస్తుంది, కానీ లోతు ఎక్కువ కావాలి, నిలబడితే ఊగుతుంది. మీ పనికి 14, 15 డిగ్రీలు. ట్రిమ్ ట్యాబ్‌లు (వెనక అడుగున పైకీ కిందికీ కదిలే రేకులు) ఉన్న బోటు దొరికితే వదలొద్దు, ముక్కు కిందికి నొక్కి అలని కోయించడానికి పనికొస్తాయి.

బండి లాగగలదా

24 అడుగుల ఆశ ఇక్కడే తీరిపోతుంది. బోటు ఒట్టిది 2,900 పౌండ్లు, 300 హార్స్‌పవర్ ఇంజిన్ 560, 70 గ్యాలన్ల పెట్రోలు గ్యాలన్‌కి 6.1 చొప్పున 430, రెండు ఇరుసుల ట్రైలర్ 1,200, బ్యాటరీలు, ట్రోలింగ్ మోటారు, లంగరు, ఐస్, సామాన్లు 450. మొత్తం 5,500 దాటింది. పెట్రోలు హైలాండర్‌కి కంపెనీ చెప్పే పరిమితి 5,000, హైబ్రిడ్ అయితే 3,500. (సియెన్నా కూడా 3,500. ఇక్కడ మనవాళ్లలో చాలామంది ఇంటిముందు ఉండే బండి అదే కాబట్టి చెప్తున్నాను.)

అదే 21 అడుగులది అయితే: బోటు 2,000, ఇంజిన్ 485, 45 గ్యాలన్ల పెట్రోలు 275, ట్రైలర్ 900, బ్యాటరీలు మూడు 180, మిగతా సామాను 260. మొత్తం 4,100. పెట్రోలు హైలాండర్‌కి లోబడింది. అయినా బండిలో నలుగురు కూర్చున్న బరువు కూడా లెక్కలోకి వస్తుంది, మాన్యువల్ తెరిచి చూడండి. టెక్సాస్‌లో మొత్తం బరువు 4,500 పౌండ్లు దాటిన ట్రైలర్‌కి బ్రేకులు తప్పనిసరి. దాటకపోయినా బ్రేకులున్నదే కొనండి, కేటీ నుంచి గాల్వెస్టన్ ద్వీపం దాకా 70 మైళ్ల పైన హైవే. కొన్నాక ఒకసారి లారీలు ఆగే చోట ఉండే తూకం మీద నిండు బోటు ఎక్కించి చూసుకోండి, అమ్మినవాడు చెప్పే బరువు ఎప్పుడూ తక్కువే.

ఇంకో మాట. మీ కాలనీ హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) నిబంధనలు కొనకముందే చదవండి. చాలాచోట్ల డ్రైవ్‌వేలో బోటు కనిపించకూడదు. 20 అడుగుల గరాజ్‌లో 21 అడుగుల బోటు పట్టదు, ట్రైలర్ ముక్కు మడిచినా సరే. నెలనెలా స్టోరేజి అద్దె బడ్జెట్‌లో రాసుకోండి.

మొదటి సీజన్‌కి ఉన్న బోటు

మంచినీళ్ల బోటుని అలాగే ఉప్పులో దించొద్దు. ముందు ఆనోడ్‌లు చూడండి, అంటే ఇంజిన్ బదులు తాము కరిగిపోయేలా బిగించే లోహపు ముక్కలు. మంచినీళ్ల కోసం మెగ్నీషియం ముక్కలు బిగిస్తారు. ఉప్పునీళ్లలో అవి వారాల్లో కరిగిపోయి, తర్వాత ఇంజిన్ కేసింగ్‌ని తినడం మొదలవుతుంది. వాటిని విప్పి అల్యూమినియం ఆనోడ్‌లు పెట్టండి. బేలో ఉప్పూ మంచినీళ్లూ కలిసి ఉంటాయి కాబట్టి జింక్‌కన్నా అవే మేలు. ఆనోడ్ మీద రంగు వేయకూడదు. రాగి కలిసిన బాటమ్ పెయింట్ (బోటు అడుగుకి వేసే రంగు) అల్యూమినియం బోటు దరిదాపుల్లోకి రానివ్వొద్దు. ట్రైలర్ రంగు వేసిన ఇనుముదైతే లోపలి నుంచి తుప్పు తింటుంది. ఒక సీజన్ ఓర్చుకుంటుంది, ఇంటికొచ్చిన ప్రతిసారీ బ్రేకులు, స్ప్రింగులు, గొట్టం లోపల కూడా కడగాలి. ఇంజిన్‌ని పది పదిహేను నిమిషాలు మంచినీళ్లతో ఫ్లష్ చేయడం ఇక పళ్లు తోముకోవడం లాంటిది.

రివెట్లు బిగించిన బోటైతే ట్రైలర్ మీదే లోపల బెత్తెడు నీళ్లు నింపి బయట ఎక్కడ కారుతుందో చూసి గుర్తుపెట్టుకోండి. మిన్నసోటాలో చిన్న కారుడు పర్వాలేదు, ఇక్కడ ఆ ఉప్పు వైర్లలోకి ఎక్కుతుంది.

ఈ బోటుతో వెస్ట్ బే దక్షిణపు ఒడ్డు, గాలి 10 నాట్ల లోపున్న పొద్దున్నలు. ఆల్చిప్పల గుట్టలు ఎక్కడున్నాయో నేర్చుకోవడమే ఈ ఏడాది చదువు. నోవా (అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ) ఎలక్ట్రానిక్ చార్టులు బే మొత్తం చూపిస్తాయి కానీ ప్రతి గుట్టనీ చూపించవు. నార్తర్ వచ్చి వెళ్లిన మర్నాడు, నీళ్లు లాగేసిన రోజు, బోటు లేకుండా కారులో పోయి ఒడ్డు నుంచి చూడండి. మిగతా ఏడాదంతా అడుగు నీళ్ల కింద దాక్కునే గుట్టలన్నీ నల్లగా బయటపడి ఉంటాయి. ఫొటోలు తీసి మ్యాప్‌లో గుర్తులు పెట్టుకోండి. నీళ్లలో ఎవరో పాతిన పీవీసీ గొట్టం కనిపిస్తే అది గుట్టకి గుర్తు కావొచ్చు, దారికి గుర్తు కావొచ్చు. తెలియనంతవరకు దూరంగా తిరగండి. మొదటిసారి పోయే ప్రతి చోటికీ నెమ్మదిగా పోయి, జీపీఎస్‌లో ఆ దారి దాచుకుని, తర్వాత అదే గీత మీద వేగంగా రండి. ఆల్చిప్పకి అల్యూమినియం సొట్టపోతుంది, ఫైబర్‌గ్లాస్ కోసుకుపోతుంది. నేర్చుకునే ఏడాది సొట్టలు పాత బోటుకే పడనివ్వండి.

ఆరేడుసార్లు తిరిగాక మీరే చెప్పగలరు, ఏ ర్యాంపు మీదో, ఎంత గాలికి వెనక్కి తిరిగారో, దిగి నడుస్తారో, బోటు మీద నుంచే వేస్తారో. ఒక పూట గైడ్‌ని పెట్టుకుంటే ఆయన బోటుని కూడా గమనించండి. రోజూ దాని మీదే బతికేవాడు పొడవు ఎందుకు అంత పెట్టుకున్నాడో అడగండి, చెప్తారు.

కొనేటప్పుడు చూడాల్సినవి

30,000లో 25,000కి మించి బోటుకి పెట్టొద్దు. మిగిలింది టైర్లు, బ్యాటరీలు, ఇంపెల్లరు (వాటర్ పంపులో రబ్బరు రెక్కలు), ఇన్సూరెన్సు, సేఫ్టీ సామానుకే సరిపోతుంది.

చూడ్డానికి వస్తున్నాం అన్నప్పుడే ఇంజిన్ స్టార్ట్ చేసి పెట్టొద్దని చెప్పండి. వెళ్లగానే మూత మీద చెయ్యి పెట్టండి, వెచ్చగా ఉంటే చల్లటి ఇంజిన్ స్టార్ట్ కావడంలో ఏదో దాస్తున్నారు. సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ పరీక్ష చేయించండి. అంకె ఎంతన్నది కాదు, సిలిండర్ల మధ్య తేడా పది శాతం లోపు ఉందా అన్నది చూడాలి. కింది గేర్‌కేస్ డ్రెయిన్ స్క్రూ కొంచెం వదులు చేసి చెంచాడు నూనె పట్టండి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే సీల్ పోయి నీళ్లు చేరాయి. స్క్రూకి ఉండే అయస్కాంతం మీద బూడిదలాంటి పూత మామూలే, చేతికి గుచ్చుకునే ముక్కలుంటే లేచి వచ్చేయండి. ఎవిన్‌రూడ్ ఇంజిన్ ఉన్న బోట్లు చవగ్గా కనిపిస్తాయి. ఆ ఇంజిన్ల తయారీ 2020లో ఆగిపోయింది, దగ్గర్లో వాటిని బాగుచేసే మెకానిక్ ఉంటే తప్ప ఆ చవక మీకొద్దు.

తర్వాత ట్రాన్సమ్, అంటే ఇంజిన్ బిగించే వెనక గోడ. ఇంజిన్‌ని సగం పైకెత్తి, కింది భాగం పట్టుకుని పైకీ కిందికీ గట్టిగా ఊపండి. ఇంకొకరు ట్రాన్సమ్ పైఅంచు చూస్తూ ఉండాలి. ఇంజిన్‌తోపాటు గోడ కూడా కదిలితే, మూలల్లో వెంట్రుక పగుళ్లు తెరుచుకుంటే, లోపలి చెక్క కుళ్లింది. స్క్రూడ్రైవర్ పిడితో గోడంతా తట్టండి. గట్టి చోట టక్‌మంటుంది, నానిన చోట మొద్దుగా దబ్‌మంటుంది. ఇంజిన్ బోల్టుల చుట్టూ గోధుమరంగు కారకలు ఉంటే అదే చెప్తోంది. ట్రాన్సమ్ బాగుచేయించే ఖర్చు మీ బడ్జెట్‌లో లేదు.

డెక్ మీద చెప్పుల్లేకుండా నడవండి, మెత్తగా దిగే చోటు మడమకి తెలుస్తుంది. పెట్రోలు ట్యాంకు చాలా బోట్లలో డెక్ కింద అల్యూమినియంది. చుట్టూ ఫోమ్ నింపితే అది ఉప్పునీళ్లు పట్టుకుని ట్యాంకుకి సన్నటి చిల్లులు పెడుతుంది. కింది మూత తెరిచి వాసన చూడండి. పెట్రోలు వాసన వస్తే డెక్ కోయాలి. వైర్ల కొసలు పచ్చగా ఉన్నాయా చూడండి. ట్రైలర్ టైరు మీద చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. ఆరేళ్లు దాటితే గీతలు బాగున్నా మార్చాల్సిందే.

హల్ నంబరు (బోటు గుర్తింపు సంఖ్య) వెనక కుడివైపు పైన 12 అక్షరాల్లో ఉంటుంది. చివరి రెండు అంకెలు మోడల్ సంవత్సరం. కాగితంలో ఉన్నదీ బోటు మీద ఉన్నదీ అక్షరం అక్షరం పోల్చండి. 2017 హార్వీలో, 2024 బెరిల్‌లో ఈ చుట్టుపక్కల మునిగిన బోట్లు తక్కువేం కాదు. సీట్ల కింద పెట్టెల మూలల్లో ఎండిన మట్టి గీత ఉందేమో చూడండి.

టెక్సాస్‌లో కొత్తగా కొనేవాళ్లకి తెలియని ముఖ్యమైన ముక్క: ఇక్కడ బోటుకి ఒక టైటిల్, అవుట్‌బోర్డ్ ఇంజిన్‌కి విడిగా ఇంకో టైటిల్. రెండూ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖవే. ట్రైలర్ కాగితాలు కౌంటీ ట్యాక్స్ ఆఫీసులో. బోటు టైటిల్ చూపించి "ఇంజిన్‌ది తర్వాత పంపుతాను" అన్నవాడికి డబ్బులివ్వొద్దు, ఇంజిన్ మీద ఉన్న సీరియల్ నంబరు టైటిల్‌తో సరిపోవాలి. మీ మిన్నసోటా బోటు పాత రిజిస్ట్రేషన్ మీద ఇక్కడ తిరగగలిగేది 90 రోజులే. చేపల వేట లైసెన్సుకి ఇక్కడ ఆరు నెలలు పైబడి ఉంటేనే నివాసి ధర.

పిల్లలిద్దరూ 13 లోపువాళ్లు కాబట్టి 26 అడుగుల లోపు బోటు కదులుతున్నంతసేపూ లైఫ్‌జాకెట్ ఒంటి మీద ఉండాలి, చట్టం అది. నడిపేవాడికి ఇంజిన్ ఆపే తాడు తగిలించి ఉండాలి. విసిరే తేలుడు ఒకటి, తేదీ దాటని మంటగుళికలు (ఆపదలో వెలిగించే ఫ్లేర్లు), 12 ఏళ్లు దాటని ఫైర్ ఎక్స్‌టింగ్విషర్, వీహెచ్‌ఎఫ్ రేడియో. ఫోన్ సిగ్నల్ ఉంటుంది కదా అని రేడియో మానొద్దు. చానల్ 16 మీద మాట్లాడితే పక్క బోటువాడికి కూడా వినబడుతుంది.

ఇవన్నీ దాటాక నీళ్ల మీద పరీక్ష. ఖాళీ బోటుతో ఒక్కరే పోయి చూడొద్దు. నలుగురూ ఎక్కండి, ట్యాంకు కనీసం సగం నింపించండి. గ్యాస్ పూర్తిగా ఇచ్చి బోటు నీటి మీదికి లేవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కపెట్టండి. ఆరు లోపు అయితే బాగుంది, పది దాటితే ఇంజిన్ చాలదు లేదా ప్రొపెల్లరు తప్పు. పూర్తి వేగంలో ఆర్‌పీఎం చూడండి. యమహా 150కి 5,000 నుంచి 6,000 మధ్య రావాలి. 4,700 దగ్గర ఆగిపోతే ప్రొపెల్లర్ పిచ్ (ఒక్క చుట్టుకి ముందుకి సాగాల్సిన దూరం) ఎక్కువైంది, అంగుళం తగ్గిస్తే 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుంది. ఇంజిన్ పక్క నుంచి చిమ్మే నీటిధార సన్నబడకూడదు. ఒకసారి గాలికి ఎదురు, ఒకసారి గాలికి అడ్డంగా, ఒకసారి గాలిని వెనకేసుకుని నడపండి. అమ్మేవాడు పొద్దున ఏడింటికి రమ్మంటాడు, మీరు మధ్యాహ్నం రెండింటికి వస్తానని చెప్పండి.